పది లక్షల వాతావరణాల పీడనంలో రాగి ఎంత గట్టిది? మీ కంప్యూటర్‌లోనే లెక్క కట్టే పద్ధతి

ఇంటర్ ఫిజిక్స్ ల్యాబ్‌లో తీగకు బరువులు తగిలించి, అది ఎంత సాగిందో కొలిచి యంగ్ గుణకం కట్టిన రోజు గుర్తుందా? ఆ తీగ మీద ఉన్న పీడనం ఒక్క వాతావరణం మాత్రమే. అదే లోహాన్ని ముందు అన్ని వైపుల నుంచీ పది లక్షల రెట్లు ఎక్కువగా నొక్కి, ఆ స్థితిలో మళ్లీ కొంచెం సాగదీస్తే ఏమవుతుంది? ఈ వ్యాసంలో చేయబోయేది ఆ లెక్కే. ఎమ్మెస్సీ ఫిజిక్స్, మెటలర్జీ చదివేవాళ్లు, ప్రాజెక్టు కోసం వెతుకుతున్నవాళ్లు మామూలు ల్యాప్‌టాప్‌తో రెండు మూడు రాత్రుల్లో పూర్తి చేయొచ్చు.

దీని అవసరం మన కాళ్ల కిందే ఉంది. 1936లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఇంగె లేమన్ భూకంప తరంగాల రాకను పరిశీలించి, భూమి మధ్యలో వేరే ఒక గుండ్రటి లోపలి కేంద్రం ఉందని చెప్పింది. ఆ లోపలి కేంద్రం అంచు దగ్గర పీడనం సుమారు 329 గిగాపాస్కల్స్, నడిబొడ్డున సుమారు 364 (ఒక గిగాపాస్కల్ అంటే దాదాపు పది వేల వాతావరణాలు, కాబట్టి పది లక్షల వాతావరణాలంటే సుమారు 100 గిగాపాస్కల్స్). అక్కడికి ఏ పరికరమూ వెళ్లలేదు. మన చేతికి అందేది తరంగాల వేగం ఒక్కటే. ఆ వేగాన్ని లోహం స్థితిస్థాపకతా సాంద్రతా కలిసి నిర్ణయిస్తాయి. అందుకే అంత పీడనంలో లోహాల స్థిరాంకాలు తెలియకపోతే భూకంప రికార్డులు చదవడం కూడా మనకు సగమే చేతనవుతుంది.

మరి నేరుగా ఇనుముతోనే మొదలుపెట్టొచ్చు కదా అనిపిస్తుంది. వద్దు. ఇనుము దాదాపు 13 గిగాపాస్కల్స్ దగ్గరే నిర్మాణం మార్చుకుంటుంది, పైగా అయస్కాంతత్వం ఒకటి. మొదటిసారి చేసేవాళ్లకు ఏ తప్పు ఎక్కడి నుంచి వచ్చిందో తేలదు. రాగి 100 గిగాపాస్కల్స్ దాటినా ఎఫ్‌సీసీగానే (ఘనపు మూలల్లో, ముఖాల మధ్యలో పరమాణువులు ఉండే నిర్మాణం) ఉంటుంది, అయస్కాంతత్వం లేదు, యూనిట్ సెల్‌లో ఒకే పరమాణువు చాలు. ఘనాకృతి స్ఫటికం కాబట్టి కనుక్కోవలసిన స్థిరాంకాలు మూడే: సీ11 (సాగదీసిన దిశలోనే ఎదురయ్యే గట్టితనం), సీ12 (దాని వల్ల అడ్డు దిశలో కనిపించేది), సీ44 (కోణం మారేలా వంచితే ఎదురయ్యేది).

మొదటి మెట్టు: జవాబు ముందే కాగితం మీద రాసుకోండి

కంప్యూటర్ తెరవక ముందే, రావలసిన జవాబు సుమారుగా తెలిసి ఉండాలి. గది ఉష్ణోగ్రతలో, మామూలు పీడనంలో రాగికి ప్రయోగాల విలువలు ఇవి: సీ11 168.4, సీ12 121.4, సీ44 75.4 గిగాపాస్కల్స్. జాలక దూరం (నాలుగు పరమాణువులు పట్టే ఎఫ్‌సీసీ ఘనపు అంచు) 3.615 ఆంగ్‌స్ట్రామ్‌లు, కాబట్టి ఒక్కో పరమాణువుకు ఘనపరిమాణం 11.81 ఘన ఆంగ్‌స్ట్రామ్‌లు. మన లెక్క సున్నా కెల్విన్‌లో జరుగుతుంది కనుక అసలు పోల్చుకోవలసింది అతి చల్లటి రాగితో. అప్పుడు ఆ మూడూ సుమారు 176, 125, 82. చాలామంది గది ఉష్ణోగ్రత విలువలతో పోల్చి, ఉన్న తప్పును దాచుకుంటారు, లేదా లేని తప్పును వెతుక్కుంటారు.

ఇంకో అంచనా కూడా వేసుకోండి. రాగి బల్క్ మాడ్యులస్ (అన్ని వైపులా నొక్కితే కుదించుకోకుండా ఎదిరించే గట్టితనం) 137 గిగాపాస్కల్స్, పీడనంతో అది పెరిగే రేటు దాదాపు 5.3. ఈ రెండింటినీ పీడనానికీ ఘనపరిమాణానికీ సంబంధం చెప్పే బర్చ్-మర్నగన్ సమీకరణంలో వేస్తే, 100 గిగాపాస్కల్స్ దగ్గర ఘనపరిమాణం 27 శాతం తగ్గుతుందని వస్తుంది. అంటే పక్కపక్క పరమాణువుల మధ్య దూరం 2.556 ఆంగ్‌స్ట్రామ్‌ల నుంచి సుమారు 2.30కి దిగుతుంది. ఈ 2.30 అనే అంకె తర్వాతి మెట్టులోనే అక్కరకొస్తుంది.

రెండో మెట్టు: సాఫ్ట్‌వేర్, సూడోపొటెన్షియల్

క్వాంటమ్ సిద్ధాంతం నుంచి నేరుగా స్ఫటికం శక్తిని లెక్కకట్టే ప్రోగ్రాం క్వాంటమ్ ఎస్ప్రెసో. అది ఉచితం. ఉబుంటులో సులువుగా ఎక్కుతుంది, విండోస్ వాడేవాళ్లు డబ్ల్యూఎస్ఎల్‌లో (విండోస్ లోపలే లినక్స్ నడిపే సౌకర్యం) పెట్టుకోవచ్చు. ఇన్‌స్టాల్ చేసే వివరాల్లోకి వెళ్లను, అవి అన్నిచోట్లా దొరుకుతాయి.

సూడోపొటెన్షియల్ దగ్గర మాత్రం ఆగాలి. పరమాణువు కేంద్రకాన్నీ లోపలి ఎలక్ట్రాన్‌లనూ కలిపి, వాటి బదులు వాడే సరళమైన నమూనా ఇది, ఒక ఫైల్ రూపంలో దొరుకుతుంది. ప్రతి సూడోపొటెన్షియల్‌కూ ఒక కోర్ వ్యాసార్థం ఉంటుంది. ఆ వ్యాసార్థం లోపల నిజమైన తరంగ ప్రమేయానికి బదులు నునుపు చేసినది వాడతారు. మామూలు పీడనంలో పక్క పరమాణువు దూరంగా ఉంటుంది కాబట్టి ఇబ్బంది రాదు. 100 గిగాపాస్కల్స్ దగ్గర పక్క పరమాణువు 2.30 ఆంగ్‌స్ట్రామ్‌లకు వచ్చేసింది, అంటే 4.35 బోర్‌లు (బోర్ అంటే పరమాణు లెక్కల్లో వాడే పొడవు ప్రమాణం). అందులో సగం 2.17 బోర్‌లు. మీ ఫైల్‌లో రాసి ఉన్న కోర్ వ్యాసార్థం దీనికంటే స్పష్టంగా తక్కువగా ఉండాలి. లేకపోతే రెండు గోళాలు ఒకదాన్నొకటి కప్పేస్తాయి. ప్రోగ్రాం అప్పుడు కూడా చక్కగా నడుస్తుంది, ఎర్రర్ రాదు, అంకె మాత్రం నమ్మదగ్గది కాదు. ఫైల్‌ను టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి పైభాగం చదివితే వ్యాసార్థాలు కనబడతాయి. ఈ ఐదు నిమిషాల పనిని ఎవరూ దాటవేయకూడదని నా గట్టి అభిప్రాయం.

రాగికి 3ఎస్, 3పీ ఎలక్ట్రాన్‌లను కూడా వాలెన్స్‌లో కలిపిన, మొత్తం 19 ఎలక్ట్రాన్‌ల సూడోపొటెన్షియల్ తీసుకోండి. ఖర్చు కాస్త ఎక్కువే. కానీ గట్టిగా నొక్కిన కొద్దీ ఆ లోపలి పొరలు ఊరికే కూర్చోవు. ఎలక్ట్రాన్‌ల పరస్పర ప్రభావాన్ని సుమారుగా లెక్కించే సూత్రంగా, అంటే ఎక్స్‌చేంజ్ ఫంక్షనల్‌గా, పీబీఈ సరిపోతుంది. దానితో జాలక దూరం ప్రయోగం కంటే కొద్దిగా ఎక్కువ వస్తుంది. అది పీబీఈ గుణమే, మీ తప్పు కాదు.

మూడో మెట్టు: కన్వర్జెన్స్ (అంకె స్థిరపడటం), ఓపిక పరీక్షించే చోటు

ఎక్కువ ప్రాజెక్టులు పాడయ్యేది ఇక్కడే. ఎందుకో ఒక చిన్న గుణకారం చెబుతుంది. రాగి స్ఫటికాన్ని ఒక దిశలో ఒక శాతం సాగదీసి, అడ్డంగా ఒక శాతం నొక్కితే శక్తి ఎంత పెరుగుతుంది? సీ11లోంచి సీ12 తీసేస్తే 47 గిగాపాస్కల్స్. దీన్ని 160.22తో భాగిస్తే ఘన ఆంగ్‌స్ట్రామ్‌కు 0.293 ఎలక్ట్రాన్ వోల్టులు. ఘనపరిమాణం 11.81తో, 0.01 వర్గంతో గుణిస్తే 0.00035 ఎలక్ట్రాన్ వోల్టులు. మూడో వంతు మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టు! ఆ పరమాణువు మొత్తం శక్తి వేల ఎలక్ట్రాన్ వోల్టుల్లో ఉంటుంది. బస్తా బియ్యాన్ని తూచి, అందులో ఒక్క గింజ తేడాను పట్టుకోవడం లాంటి పని.

అందుకే మొత్తం శక్తి స్థిరపడిందా లేదా అని చూస్తే లాభం లేదు. సాగదీసిన సెల్‌కూ సాగదీయని సెల్‌కూ మధ్య శక్తి తేడా స్థిరపడిందా అన్నది చూడాలి. కటాఫ్‌ను (తరంగ ప్రమేయాన్ని ఎంత సూక్ష్మంగా రాయాలో చెప్పే శక్తి హద్దు) 90 రైడ్‌బర్గ్‌లతో మొదలుపెట్టి 100, 110కి పెంచుతూ ఆ తేడా కదులుతోందేమో గమనించండి. ఎస్‌సీఎఫ్ (జవాబు మారకుండా నిలబడేదాకా తిరిగి తిరిగి కట్టే చక్రం) ఆగే పరిమితిని పదో దశాంశ స్థానం దాకా బిగించండి.

అన్నిటికంటే ముఖ్యం కే-పాయింట్లు, అంటే ఎలక్ట్రాన్ తరంగాలను ఏయే దిశల్లో, ఏయే తరంగదైర్ఘ్యాల దగ్గర లెక్కించాలో చెప్పే బిందువుల వల. లోహంలో నిండిన ఎలక్ట్రాన్ స్థితులకూ ఖాళీ స్థితులకూ మధ్య ఫెర్మి ఉపరితలం అనే హద్దు ఉంటుంది. స్ఫటికాన్ని కొంచెం వంచగానే ఆ ఉపరితలం దగ్గరి ఎలక్ట్రాన్ స్థితులు కొన్ని నిండుతాయి, కొన్ని ఖాళీ అవుతాయి. కే-పాయింట్ల వల పలచగా ఉంటే ఈ మార్పు దొంతరలు దొంతరలుగా పడుతుంది. నేను మొదటిసారి అల్యూమినియంతో చేసినప్పుడు సీ44 ఒకసారి 20, ఒకసారి 40 ఇలా ఊగింది. రెండు వారాలు సూడోపొటెన్షియల్‌ను అనుమానించాను, మూడు రకాలు మార్చి చూశాను. వల పలచబడటమే అసలు కారణమని తెలిసేసరికి సెమిస్టర్ సగం అయిపోయింది. మీరు మొదటి రోజే ఈ పరీక్ష చేయండి: 16×16×16, 20×20×20, 24×24×24, 28×28×28 వలలతో ఒకే వికృతికి (ఆకారంలో మార్పుకు) శక్తి తేడా తీసుకుని గ్రాఫ్ గీయండి. స్మియరింగ్‌కు (ఫెర్మి హద్దును కొంచెం మసకబరిచే ఉపాయానికి) మర్జారి-వాండర్‌బిల్ట్ పద్ధతి, వెడల్పు 0.02 రైడ్‌బర్గ్‌లు పెట్టి, తర్వాత 0.01తో ఒకసారి సరిచూడండి. వలకు షిఫ్ట్ ఇవ్వకండి, ఎఫ్‌సీసీలో అది సౌష్ఠవాన్ని చెడగొట్టవచ్చు.

ఈ పరీక్షలన్నీ మామూలు పీడనంలోనూ, 100 గిగాపాస్కల్స్‌కు సరిపడే చిన్న సెల్‌లోనూ రెండు చోట్లా చేయాలి. ఒకచోట స్థిరపడింది ఇంకోచోట కూడా స్థిరపడుతుందన్న హామీ లేదు.

నాలుగో మెట్టు: ఘనపరిమాణం మారుస్తూ శక్తి

ఇది తేలిక. సమతుల్య ఘనపరిమాణానికి 0.68 రెట్ల నుంచి 1.05 రెట్ల దాకా పన్నెండు బిందువులు తీసుకుని, ఒక్కోదానికి శక్తి కట్టండి. అవుట్‌పుట్‌లో ఆశ్చర్యార్థకం గుర్తుతో మొదలయ్యే వరుసలో ఉన్న శక్తినే తీసుకోవాలి, స్మియరింగ్ భాగం అందులో కలిసి ఉంటుంది. తర్వాత బర్చ్-మర్నగన్ మూడో తరగతి సమీకరణానికి ఫిట్ చేయండి. ఈ పనికి ఈవీ.ఎక్స్ అనే చిన్న ప్రోగ్రాం ప్యాకేజీతోనే వస్తుంది.

ఫిట్ నుంచి మూడు అంకెలు వస్తాయి: సమతుల్య ఘనపరిమాణం, బల్క్ మాడ్యులస్, దాని పీడన రేటు. బల్క్ మాడ్యులస్ 140 చుట్టుపక్కల, రేటు 5 చుట్టుపక్కల రావాలి. 180 దాటి వచ్చిందంటే పీబీఈ బదులు ఎల్‌డీఏ (ఇంకో రకం ఫంక్షనల్) ఫైల్ పెట్టి ఉంటారు, ఒకసారి చూసుకోండి.

ఇక్కడ ఒక సరిచూపు ఉంది. ఫిట్ చెప్పే పీడనాన్ని, ప్రోగ్రాం నేరుగా అచ్చు వేసే పీడనంతో పోల్చండి. ప్రోగ్రాం కిలోబార్‌లలో ఇస్తుంది, పది కిలోబార్‌లు ఒక గిగాపాస్కల్. రెండింటికీ ఒకటి రెండు గిగాపాస్కల్స్ కంటే తేడా ఉంటే కటాఫ్ చాలడం లేదని అర్థం. అంతా సరిపోయాక 0, 20, 40, 60, 80, 100 గిగాపాస్కల్స్‌కు ఏ ఘనపరిమాణం కావాలో సమీకరణం నుంచి రాసుకోండి. ప్రతి పీడనం దగ్గరా బల్క్ మాడ్యులస్ విలువ కూడా అదే సమీకరణం ఇస్తుంది. 100 దగ్గర అది మామూలు విలువకు సుమారు నాలుగు రెట్లు ఉండాలి.

ఐదో మెట్టు: స్ఫటికాన్ని రెండు రకాలుగా వంచడం

బల్క్ మాడ్యులస్ అంటే సీ11, రెండు సీ12లు కలిపి మూడో వంతు. ఇంకా రెండు సమీకరణాలు కావాలి. వాటి కోసం ఘనపరిమాణం ఏమాత్రం మారకుండా స్ఫటికం ఆకారాన్ని మాత్రమే మార్చాలి. వికృతిని "డ" అందాం.

మొదటి వంపు: ఎక్స్ దిశలో ప్రతి పొడవునూ (1+డ)తో, వై దిశలో (1−డ)తో గుణించండి. జెడ్ దిశలో 1/(1−డ²)తో గుణించండి. మూడింటినీ గుణిస్తే సరిగ్గా ఒకటి వస్తుంది, అంటే ఘనపరిమాణం మారలేదు. పెరిగిన శక్తి = ఘనపరిమాణం × (సీ11−సీ12) × డ².

రెండో వంపు: ఎక్స్, వై అక్షాల మధ్య కోణాన్ని మార్చాలి. ఆకారాన్ని మార్చే 3×3 మాత్రికలో ఎక్స్-వై, వై-ఎక్స్ స్థానాల్లో డ/2 పెట్టి, జెడ్‌ను 4/(4−డ²)తో గుణించండి. పెరిగిన శక్తి = సగం × ఘనపరిమాణం × సీ44 × డ².

ప్రతి పీడనానికీ, ప్రతి వంపుకూ డ విలువలు 0, 0.01, 0.02, 0.03, 0.04 తీసుకోండి. రుణ విలువలు అక్కర్లేదు. ఈ రెండు వంపుల్లోనూ డ గుర్తు మార్చినా అదే స్ఫటికం తిరిగి నిలబడుతుంది. ఆరు పీడనాలు, రెండు వంపులు, ఐదు బిందువులు: మొత్తం 60 రన్‌లు. ఒక స్క్రిప్ట్ రాసి రాత్రికి పెట్టేయండి. ఫైల్ పేరులోనే పీడనం, వంపు, డ విలువ మూడూ ఉండేలా చూసుకోండి. మూడో రోజు ఏ ఫైల్ దేనిదో గుర్తుండదు.

సున్నా బిందువును ప్రతి వంపుకూ అదే ఇన్‌పుట్ రూపంలో, అదే వలతో మళ్లీ కట్టండి. పాత మెట్టులో ఉన్న శక్తిని తెచ్చి అతికించకండి. మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులో వందో వంతు లెక్కకొచ్చే చోట ఆ అతుకు తెలిసిపోతుంది.

ఇప్పుడు గ్రాఫ్. అడ్డంగా డ కాదు, డ² వేయండి. నిలువుగా శక్తి తేడా. బిందువులు నిటారైన గీత మీద పడాలి. ఈ ఒక్క గ్రాఫ్ చూస్తే మీ లెక్క ఆరోగ్యం మొత్తం తెలుస్తుంది. మొదటి బిందువు గీతకు దూరంగా పడితే శక్తి తేడాలో రణగొణ ఎక్కువ ఉంది, మూడో మెట్టుకు వెనక్కి వెళ్లాలి. చివరి బిందువు మాత్రమే వంగితే డ⁴ పదం తలెత్తింది, ఫిట్‌లో దాన్ని కూడా కలపండి. మామూలు పీడనంలో గది ఉష్ణోగ్రత స్థిరాంకాల ప్రకారం మొదటి వంపు గీత వాలు సుమారు 3.5 ఎలక్ట్రాన్ వోల్టులు, రెండోదానిది సుమారు 2.8. మీ గీతలు వీటికి దగ్గరగా, కొంచెం పైకి ఉంటే దారిలో ఉన్నట్టే.

వాలును ఘనపరిమాణంతో భాగించి 160.22తో గుణిస్తే గిగాపాస్కల్స్ వస్తాయి. రెండో వంపుకైతే ఇంకో రెండుతో గుణించాలి. సీ11 కావాలంటే బల్క్ మాడ్యులస్‌కు, (సీ11−సీ12)లో మూడింట రెండు వంతులు కలపండి. సీ12 కోసం అదే తేడాలో మూడో వంతు తీసేయండి. 137కు 47లో మూడింట రెండు వంతులు కలిపితే 168 వస్తోందా? వస్తోంది.

ఆరో మెట్టు: మీరు కట్టింది ఏ స్థిరాంకం?

ఈ వ్యాసం రాయడానికి నన్ను కూర్చోబెట్టింది ఈ మెట్టే. పీడనం లేనప్పుడు స్థితిస్థాపక స్థిరాంకానికి ఒకటే అర్థం. పీడనం ఉన్నప్పుడు రెండు అర్థాలు, రెండు వేర్వేరు అంకెలు.

కారణం ఇది. నొక్కిపెట్టిన స్ఫటికాన్ని వంచితే లోపలి శక్తి మారుతుంది, దానితోపాటు బయటి పీడనం కూడా కొంత పని చేస్తుంది. ఆ పనిని లెక్కలోకి తీసుకోకుండా, లాగ్రాంజ్ వికృతి (వంచక ముందు ఆకారంతో పోల్చి రాసే వికృతి) పరంగా శక్తికి రెండో అవకలజం తీస్తే వచ్చేది ఒక స్థిరాంకం. ప్రతిబలాన్ని వికృతితో నేరుగా కలిపే స్థిరాంకం ఇంకొకటి. తరంగాల వేగాన్ని, స్ఫటికం నిలబడుతుందా లేదా అన్నదాన్ని తేల్చేది రెండోది. ఘనాకృతి స్ఫటికానికి వీటి మధ్య సంబంధం సులువు. మొదటి రకం సీ11 నుంచి పీడనం తీసేయాలి, సీ12కు పీడనం కలపాలి, సీ44 నుంచి పీడనం తీసేయాలి. అప్పుడు రెండో రకం వస్తుంది.

100 గిగాపాస్కల్స్ దగ్గర ఈ తేడా ఎంతో చూడండి. సీ44లో 100, సీ11−సీ12లో 200 గిగాపాస్కల్స్! ఇది దశాంశాల గొడవ కాదు. సరైన రకం కాని అంకెలను పెట్టుకుంటే గట్టి లోహం కూడా కూలిపోతుందని తేలుతుంది, లేదా కూలిపోయేది గట్టిగా కనిపిస్తుంది.

మనం ఐదో మెట్టులో ఘనపరిమాణం మారకుండా ఎందుకు వంచామో ఇప్పుడు అర్థమవుతుంది. ఘనపరిమాణం మారకపోతే బయటి పీడనం పని చేయదు. అందువల్ల మన చేతికి వచ్చింది నేరుగా రెండో రకమే, దిద్దుబాటు ఏమీ అక్కర్లేదు. స్థిరత్వానికి షరతులు కూడా తేలికే: సీ11 కంటే సీ12 తక్కువగా ఉండాలి, సీ44 సున్నా కంటే ఎక్కువ ఉండాలి, బల్క్ మాడ్యులస్ సున్నా కంటే ఎక్కువ ఉండాలి. పుస్తకంలో "సీ44 నుంచి పీడనం తీసేస్తే ధనాత్మకంగా ఉండాలి" అని ఇంకో రూపం కనిపిస్తే, అది మొదటి రకానికి రాసిన షరతు. మీ అంకెల మీద దాన్ని వాడితే పీడనాన్ని రెండుసార్లు తీసేసినట్టు.

రెడీమేడ్ ప్రోగ్రాంలతో స్థిరాంకాలు తీసేవాళ్లు మాన్యువల్ తెరిచి, అది ఏ రకం ఇస్తుందో వెతకండి. తెలియకపోతే రాగికి 100 గిగాపాస్కల్స్ దగ్గర ఒకసారి నడిపి, ఈ పద్ధతిలో వచ్చిన అంకెతో పోల్చండి. తేడా సరిగ్గా పీడనమంతే ఉంటే జవాబు దొరికినట్టే. మీ థీసిస్‌లోనో పేపర్‌లోనో ఏ రకం వాడారో ఒక వాక్యం తప్పనిసరిగా రాయండి. ఆ ఒక్క వాక్యం లేని పట్టికను ఇంకొకరు వాడుకోలేరు.

ఏడో మెట్టు: స్ఫటికం నుంచి లోహపు ముద్దకు

నిజమైన రాగి ముక్కలో లెక్కలేనన్ని చిన్న స్ఫటికాలు అన్ని దిశల్లో పడి ఉంటాయి. షియర్ మాడ్యులస్‌కు (ఆకారం మార్పును ఎదిరించే గట్టితనానికి) వాయిట్ సగటు పై హద్దు: (సీ11−సీ12+3×సీ44)/5. రాయిస్ సగటు కింది హద్దు: 5×(సీ11−సీ12)×సీ44ను (4×సీ44+3×(సీ11−సీ12))తో భాగించాలి. గది ఉష్ణోగ్రత రాగికి ఇవి 54.6, 40.0. రెండింటి సగటు 47.3, దీన్ని హిల్ సగటు అంటారు. రెండు హద్దుల మధ్య ఇంత ఎడం ఉందంటే రాగి దిశను బట్టి బాగా మారే లోహమని అర్థం. 2×సీ44ను (సీ11−సీ12)తో భాగిస్తే 3.2 వస్తుంది. అదే టంగ్‌స్టన్‌కు దాదాపు సరిగ్గా ఒకటి. పీడనం పెరిగేకొద్దీ రాగిలో ఈ నిష్పత్తి ఎటు పోతుందో మీ ఆరు బిందువులతో గీసి చూడండి. నాకు ఈ మొత్తం పనిలో అన్నిటికంటే ఇష్టమైన గ్రాఫ్ అది.

వేగాలు: షియర్ మాడ్యులస్‌ను సాంద్రతతో భాగించి వర్గమూలం తీస్తే అడ్డు తరంగం, సెకనుకు 2.3 కిలోమీటర్లు. బల్క్ మాడ్యులస్‌కు షియర్‌లో మూడింట నాలుగు వంతులు కలిపి అలాగే చేస్తే నిడివి తరంగం, 4.7 కిలోమీటర్లు. ప్రతి పీడనంలో సాంద్రత మారుతుందని మరవకండి. 100 గిగాపాస్కల్స్ దగ్గర అది 37 శాతం పెరిగి ఉంటుంది.

ఎనిమిదో మెట్టు: ప్రయోగంతో పోల్చేటప్పుడు

ప్రయోగశాలలో ఇంత పీడనాన్ని రెండు వజ్రాల మొనల మధ్య తెస్తారు. లోహపు నలుసు పక్కన చిన్న కెంపు ముక్క పెట్టి, దాని ఎర్ర కాంతి ఎంత జరిగిందో చూసి పీడనం చెబుతారు. మామూలుగా 694.2 నానోమీటర్ల దగ్గర ఉండే ఆ గీత ఒక నానోమీటర్ జరిగితే సుమారు 2.74 గిగాపాస్కల్స్. మన దేశంలో ఇందోర్‌లోని ఇండస్-2 సింక్రోట్రాన్ (బలమైన ఎక్స్‌రేలు ఇచ్చే యంత్రం) దగ్గర ఇలాంటి ఎక్స్‌రే ప్రయోగాలు చేస్తారు. వజ్రాల మధ్య పీడనం అన్ని వైపులా సమానంగా ఉండదు. బెంగళూరు నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్‌కు చెందిన అనిల్ కె. సింగ్ 1990లలో ఆ అసమానతనే పనికొచ్చేలా మలిచారు. స్ఫటిక తలాల మధ్య దూరం దిశను బట్టి ఎంత మారిందో కొలిచి, దాని నుంచి స్థితిస్థాపక స్థిరాంకాలు రాబట్టే సిద్ధాంతం ఇచ్చారు. లోకమంతా అధిక పీడన శాస్త్రవేత్తలు ఇప్పటికీ వాడుతున్నారు.

పోల్చేటప్పుడు ఒక నిర్ణయం తీసుకోవాలి: ఒకే పీడనం దగ్గర పోల్చాలా, ఒకే ఘనపరిమాణం దగ్గరా? పీబీఈ రాగిని కొంచెం ఉబ్బించి చూపిస్తుంది కాబట్టి ఒకే పీడనం దగ్గర పోలిస్తే ఆ పొరపాటు స్థిరాంకాల్లోకీ పాకుతుంది. నేనైతే రెండు పట్టికలూ ఇస్తాను.

ఇవన్నీ కుదిరాక ఇనుము. గట్టిగా నొక్కినప్పుడు ఇనుము తీసుకునే హెచ్‌సీపీ (షడ్భుజ) నిర్మాణానికి స్థిరాంకాలు ఐదు. ప్రతి పీడనం దగ్గరా ముందు రెండు అక్షాల నిష్పత్తిని సర్దుకోవాలి. సెల్‌లో రెండు పరమాణువులు ఉంటాయి కాబట్టి వంచిన ప్రతిసారీ లోపలి పరమాణువులను కూడా కదలనివ్వాలి. భూమి కేంద్రంలో వేడి 5,000 కెల్విన్‌లకు పైమాటే కాబట్టి సున్నా కెల్విన్ అంకెలు అక్కడికి మొదటి మెట్టు మాత్రమే. రాగితో మీరు రాసుకున్న స్క్రిప్ట్‌లో మాత్రిక, వంపుల సంఖ్య మార్చి, ఈ సర్దుబాట్లు కలిపితే చాలు, మిగతాదంతా అలాగే పనికొస్తుంది.